ఆరంగుళాల ధర్మశాస్త్రం

అమెరికాలోని అరిజోనా రాష్ట్ర రాజధాని ఫీనిక్స్‌లో ఏడాది పొడుగునా కలిపి కురిసే సగటు వర్షం సుమారు 7 అంగుళాలు. ఆ నగరంలో ఇళ్ల ఆవరణల్లోని గడ్డీ కలుపూ 6 అంగుళాలకు మించి పెరగరాదని నగర శాసనాల్లోని 39వ అధ్యాయం ఆదేశిస్తోంది. ఆకాశం ఇచ్చేది ఏడు, చట్టం ఒప్పుకునేది ఆరు. తేడాగా మిగిలిన ఆ ఒక్క అంగుళం పరిపాలనా ఖర్చుల కింద జమ అయిందనుకుని, ఎడారిలో ఇల్లు కొన్నవాడు ముందుగా ఈ లెక్కను వినయంతో అంగీకరించాలి. 2023 వేసవిలో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 43 డిగ్రీల సెల్సియస్‌కు, తగ్గకుండా ఎండ కాసిన ఊరు అది. అంతటి ఎండలో కూడా ఏదో ఒక మొక్క ధైర్యం చేసి హద్దు మీరుతుందేమోనని ముందే కనిపెట్టిన పాలకుల దూరదృష్టి సామాన్యమైనది కాదు. నిజానికి ఆ భయం పూర్తిగా ఉత్తది కూడా కాదు: చలికాలపు వానలకు కలుపు విరగబడి మొలుస్తుంది, వేసవి రాగానే ఎండి నిప్పుకు సిద్ధంగా నిలబడుతుంది. చట్టంలో ఇంగితం ఉన్న చోటు ఇది గనుక దీన్ని త్వరగా దాటి, అసలు శాస్త్రంలోకి వెళ్దాం.

ఈ శాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే: ఏదైనా ఉండవచ్చు, బయటివారి కంట పడకూడదు. నడవని కారు ఇంట్లో ఉండటం నేరం కాదు. అది ప్రహరీ అవతలి నుంచి కనిపించడం నేరం. విరిగిన సోఫా, పాత ఫ్రిజ్, పైకప్పు పెంకుల గుట్ట, వీటన్నిటికీ పెరట్లో ఎత్తైన గోడ వెనుక ప్రశాంతంగా శిథిలమయ్యే హక్కు దాదాపుగా ఉన్నట్టే. వీధికి ముఖం చూపిన మరుక్షణం అవి ఇరుగుపొరుగు సంక్షేమానికి శత్రువులవుతాయి. మన వేదాంతులు దృశ్యమానమైనదంతా మిథ్య అన్నారు, ఫీనిక్స్ నగరం మరో అడుగు ముందుకేసి దృశ్యమానమైన దానికి నోటీసు పంపుతుంది. నోటీసు అందుకున్న యజమాని గడువులోగా లోపాన్ని సరిచేయాలి. సరిచేశాడో లేదో చూడటానికి అధికారి మళ్లీ వస్తాడు. అప్పటికీ కనిపిస్తూనే ఉంటే వ్యవహారం జరిమానా దాకా పోతుంది.

దుమ్ము విషయంలో చట్టం మరింత నిష్ఠగా ఉంటుంది. ఇంటి ముందు ఉత్తి మట్టి మీద కారు నిలపకూడదు, దుమ్ము లేవని గట్టి నేల మీదే నిలపాలి. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీ గాలిలో ధూళికణాలు సమాఖ్య ప్రభుత్వం పెట్టిన పరిమితికి మించి ఉంటున్నాయి కాబట్టి ఈ జాగ్రత్త అవసరమే. ఇబ్బందల్లా, ఈ నియమం గురించి ఎడారికి ఎవరూ చెప్పకపోవడంలో ఉంది. 2011 జులై 5న సుమారు 5,000 అడుగుల ఎత్తున, దాదాపు 100 మైళ్ల వెడల్పున ఒక ధూళిగోడ నగరం మీదికి నడిచివచ్చి, మట్టి మీద కారు నిలపని సత్పౌరుల ఇళ్లనూ నిలిపిన దుష్టుల ఇళ్లనూ సమానంగా కప్పేసింది. ఆ గోడకు చిరునామా లేనందువల్ల దానికి నోటీసు అందించే మార్గం లేకపోయింది. చిరునామా ఉన్నవారు మర్నాడు చీపుళ్లు పట్టుకున్నారు.

నగరపాలన ఇలా ఒక మెట్టు మీద ఉండగా, దానికి పై మెట్టులో హెచ్‌ఓఏ అనే ఇంటి యజమానుల సంఘం కూర్చుని ఉంటుంది. గోడకు వేసే రంగు ఇసుక రంగుల్లో ఏ ఇసుకదై ఉండాలి, ముందు ఆవరణలో పరిచే కంకర ఎంత లావుండాలి, చెత్త డబ్బా ఎప్పటికి లోపలికి వెళ్లాలి అనే సూక్ష్మధర్మాలను నిర్ణయించేది అదే. ఈ సంఘాల శక్తిని అంచనా వేయడానికి ఒక్క ఆధారం చాలు: జాతీయ జెండా ఎగరేసుకునే హక్కునూ సౌర ఫలకాలు పెట్టుకునే హక్కునూ వీటి నుంచి కాపాడటానికి అరిజోనా శాసనసభ విడివిడిగా చట్టాలు చేయవలసి వచ్చింది. 2022లో మరో చట్టం వచ్చింది, సహజమైన గడ్డిని అనుమతించే సంఘం ప్లాస్టిక్ గడ్డిని నిషేధించరాదని. ఈ ప్లాస్టిక్ గడ్డే నా దృష్టిలో నియమావళి ఇన్నాళ్లుగా ఎదురుచూసిన ఆదర్శ పౌరుడు. అది ఏ ఋతువులోనూ ఆరంగుళాలు దాటదు, ఎండదు, దాహమని అడగదు. మధ్యాహ్నపు ఎండలో దాని మీద అడుగు వేస్తే కాలు బొబ్బలెక్కుతుందన్నది నిజమే కానీ, కాళ్లు బొబ్బలెక్కడం వీధిలోకి కనిపించదు.

ఇక నిజమైన గడ్డి కథ వేరు. అక్కడి పచ్చికలో ఎక్కువగా ఉండే బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయకుడికి మనం వేసే గరికే. మండువేసవిలో కూడా నీళ్లుంటే బతికే ఆ మొండి గరిక చలికాలంలో గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది. పచ్చదనం చూసి ఊరి స్థాయిని కొలిచే చోట ఈ నిద్రను సోమరితనంగా పరిగణిస్తారు. అందుకని అక్టోబరులో గరికను నేల బారుకు గొరిగి, పైన చలికాలంలో పచ్చగా ఉండే రై గడ్డి విత్తనాలు చల్లి, అవి మొలకెత్తేదాకా రోజుకు మూడు నాలుగు సార్లు నీళ్లు పెడతారు. కొలరాడో నది నుంచి కాలువ తవ్వి, వందల మైళ్లు ఎత్తిపోసి తెచ్చే నీళ్లలో కొన్ని ఆ నిద్రను కప్పిపుచ్చడానికే ఖర్చవుతాయి.

పొరుగున ఉన్న స్కాట్స్‌డేల్ మాత్రం కొత్తగా కట్టే ఇళ్ల ముందు సహజమైన గడ్డే వద్దని 2023 ఆగస్టు నుంచి నిషేధించింది. ఏడాదికి 4 అంగుళాల వానతో సరిపెట్టుకునే లాస్ వేగస్‌లో గడ్డి పీకించుకుంటే చదరపు అడుగుకు ఇంతని ఎదురు డబ్బులిస్తారు. పైగా ఆ ఊరున్న నెవాడా రాష్ట్రం 2021లో చేసిన చట్టం ప్రకారం, అలంకారానికి తప్ప ఎవరి కాలికీ పనికిరాని గడ్డికి 2027 నుంచి కొలరాడో నీళ్లు పెట్టకూడదు. విడి ఇళ్లను దీన్నుంచి మినహాయించారు. దెబ్బ ఆఫీసుల ముందరి పచ్చికకూ రోడ్ల మధ్య తిన్నెలకూ తగిలింది. కోసేవాడు తప్ప ఎవరూ తొక్కని గడ్డి నిరర్థకమని ఒక ప్రభుత్వం లిఖితపూర్వకంగా తేల్చడానికి, నది అంతగా చిక్కిపోవలసి వచ్చింది.

చాండ్లర్, గిల్బర్ట్ వంటి శివారు పట్టణాల్లో కంప్యూటర్ చిప్పుల కంపెనీలను నమ్ముకుని స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ శాస్త్రంలో ప్రత్యేక అధ్యాయం అవసరం. ప్రపంచంలో వడియాలకు ఇంతకన్నా మంచి ఎండ దొరకదు, కానీ ఇంటి ముందు చాప పరిచి చూడండి. ఉతికిన చీర పావుగంటలో గలగలలాడేలా ఆరే ఊరిలో, వీధిలోకి కనిపించే దండేన్ని చాలా సంఘాల నియమాలు ఒప్పుకోవు. కనుక కరెంటు పెట్టి బట్టలారబెట్టే యంత్రం ఇంటిని వేడెక్కిస్తుంది, మరింత కరెంటు పెట్టి ఏసీ ఆ వేడిని ఎండలోకే తోసేస్తుంది. గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం ఉగాది సాయంత్రానికే కరకరలాడిపోతే అది ఎండిన వృక్షజాలం కిందికి వస్తుందా, మతాచారం కిందికి వస్తుందా అన్న ప్రశ్నను భావి పండితులకు వదిలేస్తున్నాను.

చివరగా, రష్యన్ థిసిల్. అవిసె గింజల్లో కలిసి 1870లలో రష్యా నుంచి దక్షిణ డకోటాకు చేరిన ఈ ముళ్ల మొక్క, ఎండగానే వేరు తెంచుకుని బంతిలా దొర్లుతూ, దారంతా గింజలు రాల్చుకుంటూ పడమటి రాష్ట్రాలన్నిటా వ్యాపించింది. నూట యాభై ఏళ్లుగా వీసా లేదు, స్టాంపింగు లేదు, ఎక్కడ ఆగినా అడిగినవాడు లేడు. అది గాలికి కొట్టుకొచ్చి, పదేళ్లుగా గ్రీన్‌కార్డు వరసలో నిలబడిన ఇంటాయన కంచెకు ఆనుకుని ఆగితే, ఎక్కడిదన్న విచారణ లేకుండా దాన్ని బయటికి పంపే బాధ్యత ఆయనదే.