సర్పంచ్ కుర్చీ రెండేళ్లు ఖాళీగా ఉంటే ఎవరికీ పట్టదా?

2024 వానాకాలంలో మా ఊళ్లో బడి మూల మీద స్తంభానికున్న లైటు పోయింది. అంతకుముందైతే వార్డు మెంబర్ ఇంటి ముందు నిలబడి "మామా, లైటు పోయింది" అంటే చాలు, రెండు రోజుల్లో వెలిగేది. ఆయనకు మళ్లీ ఓటు కావాలి. పైగా ఆయన కూడా రాత్రి పూట ఆ మూల మీదుగానే ఇంటికి పోవాలి.

ఈసారి ఆయన దగ్గరికే పోతే, "నాదేముంది బిడ్డా, మా టైమ్ అయిపోయింది కదా" అన్నాడు. నిజమే. 2019 జనవరిలో గెలిచిన వాళ్ల అయిదేళ్లు 2024 ఫిబ్రవరి మొదటికల్లా ముగిశాయి. తెలంగాణలో 12,700కు పైగా గ్రామ పంచాయతీల్లో సర్పంచ్‌లు, వార్డు మెంబర్లు ఒకేసారి మాజీలైపోయారు. వాళ్ల స్థానంలో స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు. మా ఊరికి వేసిన ఆఫీసర్‌కు తన సొంత శాఖ పనే నెత్తి మీద బోలెడంత ఉంది. ఆయన్ని నేను తప్పు పట్టను. మా ఊళ్లో ఏ గల్లీ ఎక్కడుందో తెలియని మనిషికి బడి మూల మీద చీకటి గురించి ఎలా తెలుస్తుంది?

చివరికి పంచాయతీ సెక్రటరీ దగ్గరికి పోయాను. చిన్న వయసు అమ్మాయి, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. నేను లైటు సంగతి ఎత్తగానే ఏమీ అనకుండా టేబుల్ సొరుగులోంచి ఒక నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది. ట్రాక్టర్ డీజిల్, బ్లీచింగ్ పౌడర్, కాలిపోయిన బోరు మోటార్‌కు వైండింగ్, మళ్లీ డీజిల్. ప్రతి దాని పక్కన తేదీ, రూపాయలు. "అన్నా, ఇవన్నీ నా చేతి నుంచి పెట్టినయే. బిల్లు ఎప్పుడొస్తదో తెల్వదు" అంది. ఆ నోట్‌బుక్ చూశాక లైటు గురించి మళ్లీ అడగడానికి నాకు నోరు రాలేదు. తర్వాత మా గల్లీ వాళ్లం తలా ఇంత వేసుకుని బల్బు కొన్నాం.

చెత్త ట్రాక్టర్ అయితే కొన్నాళ్లు డీజిల్ లేక పంచాయతీ ఆఫీసు వెనకే నిలబడిపోయింది. మా వీధి ఊడ్చే అక్క అప్పటికి మూడు నెలలుగా జీతం లేకపోయినా పొద్దున్నే వచ్చేది. మోరీలు తీసేది. "ఇడిసిపెడితే ఊరు కంపు కొట్టదా?" అనేది. ఊరు నిలబడిందంటే ఇలాంటి మనుషుల వల్లే.

డబ్బు ఎందుకు లేదు? ఇది అందరికీ తెలియాలి. పంచాయతీకి సొంతంగా వచ్చేది ఇంటి పన్ను, నల్లా బిల్లు, చిన్నా చితకా ఫీజులు. చిన్న ఊళ్లలో వాటితో కరెంటు బిల్లు కట్టడమే కష్టం. అసలు ఆధారం ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం ఇచ్చే గ్రాంటు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన దాంట్లో 60 శాతం మంచినీళ్లకు, పారిశుద్ధ్యానికి కట్టేసి పెట్టింది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోనిచ్చింది, జీతాలకు మాత్రం కాదు. అయితే ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఈ గ్రాంటు రాదు. ఎన్నికలు పెట్టకపోతే పోయేది సర్పంచ్ పదవి ఒక్కటే కాదు, ఊరి మోరీల డబ్బు, నీళ్ల డబ్బు కూడా ఆగిపోతుంది.

ఇది ఒక్క ప్రభుత్వం చేసిన పని అయితే నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 ఆగస్టులో గడువు ముగిస్తే ఎన్నికలు 2013 జూలైలో జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో అయిపోతే తెలంగాణలో 2019 జనవరి దాకా, ఆంధ్రప్రదేశ్‌లో ఏకంగా 2021 ఫిబ్రవరి దాకా ఆగారు. మళ్లీ తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా అదే కథ. పార్టీలు మారాయి, రాష్ట్రమే రెండైంది, ఈ ఒక్క అలవాటు మాత్రం మారలేదు.

రాజ్యాంగం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. 73వ సవరణతో వచ్చిన 243ఇ అధికరణం ప్రకారం పంచాయతీ గడువు అయిదేళ్లు, ఆ గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలి. ఒక్కసారి ఆలోచించండి. అసెంబ్లీ గడువు ముగిసి, రెండేళ్ల పాటు ఎమ్మెల్యేలు లేకుండా ఆఫీసర్లు రాష్ట్రాన్ని నడిపితే దేశమంతా గగ్గోలు పుట్టదా? టీవీల్లో రోజూ చర్చలు జరగవా? మరి ఊరి విషయానికొస్తే లోపలి పేజీలో చిన్న వార్త. మన ఇంటి గడప ముందు మోరీ తీసే ప్రభుత్వం మనకు అంత లోకువైపోయింది.

బీసీ రిజర్వేషన్ల లెక్క తేలకుండా ఎన్నికలు ఎలా పెడతారని కొందరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. బీసీలకు దక్కాల్సిన వాటా దక్కాలన్నదే నా మాట కూడా. కానీ గడువు ఎప్పుడు తీరుతుందో అయిదేళ్ల ముందే తెలుసు కదా! రిజర్వేషన్లు 50 శాతం దాటితే సుప్రీంకోర్టు ఒప్పుకోదని 2010 తీర్పు నుంచీ తెలుసు. లెక్కలు తీయడం, కోర్టు ముందు నిలబడేలా నివేదిక తయారు చేయడం గడువుకు రెండేళ్ల ముందే మొదలుపెట్టాల్సిన పని. గడువు దాటాక మొదలుపెట్టి, ఆ ఆలస్యాన్ని ఊళ్ల మీద వేయడం బీసీలకు కూడా అన్యాయమే. ఆ రెండేళ్లలో బీసీ సర్పంచ్‌లు కూడా లేకుండా పోయారు, ఆడవాళ్లకు ఉన్న సగం సీట్లూ ఖాళీగానే ఉన్నాయి.

సర్పంచ్‌లంతా మంచివాళ్లని నేను చెప్పడం లేదు. మా ఊళ్లో కూడా భర్త కుర్చీలో కూర్చుంటే భార్య సంతకాలు పెట్టిన రోజులున్నాయి. అయినా సర్పంచ్‌ను చౌరస్తాలో ఆపి అడగగలం. చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి కాబట్టి ఒకరి మీద ఒకరికి ఎంతో కొంత కన్ను ఉంటుంది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి, అక్కడ లెక్క అడిగే హక్కు ఊళ్లో ఓటున్న ప్రతి ఒక్కరిదీ. స్పెషల్ ఆఫీసర్‌ను ఏ చౌరస్తాలో ఆపి అడుగుతాం?

2025 డిసెంబర్‌లో మూడు విడతలుగా ఓట్లు పడ్డాయి. మా వార్డులో ఈసారి కొత్త మెంబర్, డిగ్రీ చదివిన ఆడపిల్ల. గెలిచిన వారానికే చేతిలో కాగితం పట్టుకుని గల్లీ గల్లీ తిరిగి ఎక్కడ లైటు లేదో, ఎక్కడ మోరీ నిండిందో రాసుకుంది. మా బడి మూల దగ్గర మేం కొన్న బల్బు కింద నిలబడి, "ఇది పంచాయతీ వేసిందా, మీరు వేసుకున్నరా?" అని అడిగింది. రెండేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి తనే.

ఊళ్లో ఇలా ఉంటే, అప్పటికి మండలంలో ఇంకా దారుణం. మండల, జిల్లా పరిషత్‌లకు గెలిచిన ఎంపీటీసీ, జడ్పీటీసీల గడువు 2024 జూలైలోనే ముగిసింది. మా సర్పంచ్ ఎన్నికలు అయ్యేనాటికి కూడా వాటికి ఎన్నికలు జరగలేదు. దాని గురించి మాట్లాడేవాళ్లు కూడా లేకపోయారు.

వచ్చే గ్రామసభకు నేను పోతున్నాను. ఒకటే అడుగుతాను. పంచాయతీ ఆఫీసు గోడ మీద కొత్త పాలకవర్గం పేర్లు రాయిస్తారు కదా, వాటి కింద పెద్ద అక్షరాలతో ఇంకో లైను రాయించండి: "ఈ పాలకవర్గం గడువు 2030 డిసెంబర్ వరకు. ఆలోపే ఎన్నికలు జరగాలి." పెయింట్ ఖర్చు నేను పెట్టుకుంటాను.