తెర లేనివాడే దొర

మనిషి కంటికి శని పట్టింది 1995లో. ఆ ఏడాది కేసియో కంపెనీ క్యూవీ-10 అనే బుల్లి డిజిటల్ కెమెరాను అమ్మకానికి పెట్టి, దాని వీపున 1.8 అంగుళాల తెర అతికించింది. తీసిన ఫొటోను తీసిన చోటే చూసుకోవచ్చని ఆశపెట్టింది. ఆనాటి నుంచి ఫొటో తీసే ప్రతివాడి తలా మీట నొక్కిన మరుక్షణం కిందికి వాలిపోతోంది. ఎదురుగా సూర్యుడు ఇంకా అస్తమిస్తూనే ఉంటాడు. వీడు మాత్రం అరచేతిలో ఇందాకే అస్తమించేసిన సూర్యుణ్ణి పెద్దది చేసి చూసుకుంటూ ఉంటాడు.

అంతకు ముందు ఈ డిజిటల్ జాతి ఎంత నిష్ఠగా బతికిందో ఈ తరానికి తెలియదు. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొట్టమొదటి డిజిటల్ కెమెరా 3.6 కిలోల బరువుండేది. ఒక్క బొమ్మను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. బొమ్మ చూడాలంటే టీవీకి తగిలించాల్సిందే. 1994లో వచ్చిన ఆపిల్ క్విక్‌టేక్ 100 కూడా తెర లేకుండానే పుట్టింది. 640×480 సైజులో ఎనిమిదంటే ఎనిమిదే ఫొటోలు పట్టేవి, ఏవి బాగా వచ్చాయో కంప్యూటరు ముందు కూర్చునే దాకా తెలిసేది కాదు. అప్పటివాళ్ళు దీన్ని లోపమనుకున్నారు. పాపం, తాము తపస్సు చేస్తున్నామని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

ప్రాయశ్చిత్తం 2014లో మొదలైంది. తన ఎం శ్రేణి కెమెరాల షష్టిపూర్తికి జర్మనీ కెమెరాల కంపెనీ లైకా ‘ఎం ఎడిషన్ 60’ పేరుతో 600 కెమెరాలు చేయించింది. ఆడి కార్ల కంపెనీ డిజైనర్లను పిలిపించి ఈ పని అప్పగించింది. వాళ్ళు తెర తీసేశారు. తీసేయడంలోని రుచి మరిగి, మెడలో వేసుకునే పట్టీ తగిలించే కొక్కేలు కూడా తీసేశారు. తెర ఉండాల్సిన చోట ఐఎస్ఓ, అంటే సెన్సర్ వెలుగును ఎంత గట్టిగా పట్టాలో తిప్పుకునే చక్రం ఒకటి పెట్టారు. 2016లో ఎం-డి వచ్చింది. దాన్లో మెనూ కూడా లేదు, ఫొటోలు రా ఫైళ్ళుగా, అంటే వండని ముడిసరుకుగా తప్ప రావు. 2018లో వచ్చిన ఎం10-డికి ఫిల్ము తిప్పే మీట ఉంది. తిప్పడానికి లోపల ఫిల్ము లేదు. బొటనవేలు ఆనించుకోవడానికట! 2004లో ఎప్సన్ వాళ్ళు చేసిన ఆర్‌-డి1కు ఇలాంటి మీటే ఉండేది గానీ, అది నిజంగానే షట్టరును బిగించేది. అంటే పనికొచ్చేది. ఆ మేరకు దాని వైరాగ్యం తక్కువేనని, తెర లేని కెమెరాల దీక్ష పట్టిన మా శాఖ అభిప్రాయం. 2019లో ఫ్యూజీ వాళ్ళ ఎక్స్‌-ప్రో3 తెరను పూర్తిగా విడిచిపెట్టలేక లోపలివైపుకు మడిచి పెట్టింది. ఇలాంటి గోడమీది పిల్లుల గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది.

ఇక 2024లో వచ్చిన లైకా ఎం11-డి. ఆరు కోట్ల పిక్సెళ్ళు, కడుపులో 256 జీబీ మెమరీ, వీపున శూన్యం. విడుదలనాటి ధర అమెరికాలో తొమ్మిది వేల డాలర్ల పైమాటే.

ఇక్కడ లౌకికుడు లేచి నిలబడతాడు. “ఒక వస్తువులోంచి ఒక భాగం తీసేస్తే ధర తగ్గాలి కదా?” అంటాడు. అమాయకుడు. లేనివాడు అన్నం మానేస్తే పస్తు, ఉన్నవాడు మానేస్తే ఉపవాసం. పస్తుకు ఖర్చుండదు, ఉపవాసానికి ఏర్పాట్లు కావాలి. ఈ సూక్ష్మం అర్థం కావాలంటే క్యాంప్ స్నాప్ అనే కెమెరాను చూడండి. వేసవి శిబిరాలకు వెళ్ళే పిల్లల కోసం చేసిన ప్లాస్టిక్ డబ్బా అది. వంద డాలర్ల లోపే దొరుకుతుంది, దానికీ తెర లేదు. తత్త్వం ఒకటే, ఫలితం ఒకటే, పిల్లలు హాయిగా తీసుకుంటున్నారు. అయినా మా శాఖ దాన్ని గుర్తించదు. వదులుకోవడానికి ముందు చేతిలో ఏదో ఉండాలిగా.

లౌకికుడు అంతటితో కూర్చోడు. “మీ కెమెరాను వైఫైతో ఫోనుకు కలిపితే ఆ ఫొటోలన్నీ ఫోను తెర మీద కనిపిస్తాయట కదా, మరి తెర జేబులో ఉన్నట్టే కదా!” అంటాడు. ఉన్నమాటే. కానీ వీపున ఉన్న తెరకూ జేబులో ఉన్న తెరకూ మధ్య ఆ యాప్ ఉంది. యాప్ తెరవాలి, అది కెమెరాను వెతకాలి, దొరకలేదనాలి, మళ్ళీ వెతకాలి. ఈలోగా చూడాలన్న కోరిక దానంతటదే చల్లారుతుంది. ఇంద్రియనిగ్రహానికి ఇంతకన్నా నమ్మకమైన సాధనం ఇంకా కనిపెట్టలేదు.

అతని మూడో ఆక్షేపణకు మాత్రం జవాబు చెప్పడం కష్టం. “ఫిల్ము రోజుల్లో స్టూడియో ఫొటోగ్రాఫర్లు అసలు ఫిల్ము వాడే ముందు, అక్కడికక్కడే బొమ్మ తేలే పోలరాయిడ్ తీసి వెలుగు సరిపోయిందో లేదో చూసుకునేవారు. ఆనాటి మహానుభావులకు తెర ఇస్తామంటే చేతులు చాచి తీసుకునేవారు. మరి మీరు ఎవరి సంప్రదాయాన్ని కాపాడుతున్నట్టు?” అంటాడు. మేము దీనికి దగ్గుతో సమాధానమిస్తాం.

దగ్గు తగ్గాక గ్యారీ వినోగ్రాండ్ పేరు ఎత్తుతాం. ఈ అమెరికన్ వీధి ఫొటోగ్రాఫర్ తీసిన రీళ్ళను కావాలనే నెలల తరబడి, ఏళ్ళ తరబడి కడగకుండా ఉంచేవాడు. తీసినప్పటి ఉత్సాహం పూర్తిగా మరిచిపోయాకే ఏది మంచి ఫొటోనో తెలుస్తుందని ఆయన పట్టుదల. 1984లో పోయేనాటికి ఆయన దగ్గర కడగని రీళ్ళు దాదాపు 2,500 మిగిలాయి. అంత పెద్దాయనే చూసుకోలేదు, మనకేం తొందర? ఆయన చూసుకోకపోయినా ఆ ఫొటోలు వినోగ్రాండ్ తీసినవన్నది వేరే విషయం. ఆ విషయం మా శాఖ సమావేశాల్లో చర్చకు రాదు.

వ్యంగ్యాన్ని కాసేపు గూట్లో పెట్టి ఒక్కమాట. తెర లేని కెమెరాలో సుఖం ఉంది, అది నిజం సుఖం. మీట నొక్కాక చూడటానికి ఏమీ లేదు కాబట్టి కళ్ళు ఎదురుగానే ఉండిపోతాయి. నవ్వమన్నప్పుడు నవ్విన మనిషి, ఫొటో అయిపోయిందనుకుని ముఖం వదులు చేసేది ఆ తర్వాతి సెకనులోనే. తెర ఉన్నవాడు సరిగ్గా ఆ సెకనులోనే కిందికి చూస్తూ ఉంటాడు. ఇంకోటి, అక్కడికక్కడే చెరిపేసే వీలు లేదు. ఆవేశంలో చెత్త అనుకున్నది ఇంటికొచ్చి నింపాదిగా చూస్తే ఆ రోజుకంతటికీ అదే మంచి ఫొటో అని తేలడం కొత్త కాదు. బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది గానీ, ఇంత గంభీరమైన చర్చలో బ్యాటరీ ఊసెందుకు.

ఫొటోలో ఉన్నవాళ్ళ సంగతి చూడండి. తీయగానే “ఏదీ, చూపించు” అని చుట్టూ మూగుతారు, ముఖ్యంగా పిల్లలు. కెమెరా తిప్పి చూపిస్తాం. అక్కడ ఒక చక్రం. పిల్లలు చక్రాన్ని చూస్తారు, మన ముఖం చూస్తారు, ఆ చూపులో జాలి ఉంటుంది. “పాడైపోయిందా అంకుల్?” అని ఒకరు మెల్లిగా అడుగుతారు. ఆ జాలిలోంచి పుట్టే స్నేహం తొమ్మిది వేల డాలర్లకు చవకే.

క్రమశిక్షణ గురించి కూడా చెప్పాలి. ఫిల్ము రీలుకు 36 ఫొటోలే, అందుకే ప్రతి ఫొటో ముందూ ఆలోచించేవారు. ఆ క్రమశిక్షణను మేము పునరుద్ధరించాం. ఇప్పుడు 256 జీబీలో వేల ఫొటోలు పడతాయి, ప్రతిదాని ముందూ ఆలోచిస్తున్నట్టు నిలబడతాం. ఇక వెలుగు లెక్క ఉండనే ఉంది. నెగెటివ్ ఫిల్ము వెలుగు కాస్త ఎక్కువైనా సర్దుకునేది. డిజిటల్ సెన్సర్ అలా కాదు, తెల్లగా పోయిన మబ్బు ఇక తిరిగి రాదు. కాబట్టి కొంచెం చీకటిగానే తీసి, తర్వాత నీడల్లోంచి పైకి లాగాలి. ఫిల్ము కాలం అలవాట్లతో ఈ కెమెరా పట్టుకున్న సాధకులు మొదటి రోజుల్లో తీసేవన్నీ మబ్బుల్లేని ఆకాశాలే. వాటికి ప్రశాంతత అని పేరు పెడతారు.

ఇంతవరకు చెప్పింది దీక్షలో సగమే. మిగతా సగం పాత లెన్సు.

కెమెరాకు వీపున తెర లేకపోతే సరిపోదు, ముందున్న గాజు కూడా సహకరించకూడదు. లెన్సులోని లోపాలు దిద్దడానికి ఇంజినీర్లు వందేళ్ళు కళ్ళు కాయలు కాసేలా పనిచేశారు. 1935లో జైస్ కంపెనీ శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మకులా గాజు మీద పల్చటి పూత వేసి, లోపల వెలుగు చిందరవందర కాకుండా ఆపే పద్ధతి కనిపెట్టాడు. ఆ పూత అరిగిపోయిన లెన్సు కోసమే ఇవాళ మేము వేలంపాటల్లో ఒకరి మీద ఒకరు పడుతున్నాం.

హీలియోస్ 44-2 తీసుకోండి. జర్మన్ బయోటార్ 58 ఎంఎం లెన్సును చూసి సోవియట్ కర్మాగారాలు లక్షల్లో పోతపోసిన సరుకు. దీని విశేషమేమిటంటే, మనిషి వెనకాల ఆకులుంటే అవి సుడి తిరుగుతాయి. అంచుల్లో వెలుగు చుక్కలు గుండ్రంగా నిలవలేక నిమ్మకాయల్లా సాగుతాయి గనుక అలా జరుగుతుంది. చెట్టు ముందు నిలబెట్టిన ఏ మనిషైనా తుఫాను మధ్యలో చిక్కుకున్నట్టు కనిపిస్తాడు. ట్రయోప్లాన్ 100 ఎంఎం అయితే ప్రతి వెలుగు చుక్కనూ సబ్బు బుడగ చేస్తుంది. మూడే గాజులతో చేసిన సాదాసీదా లెన్సది, దాని ఆప్టికల్ తప్పే దాని అదృష్టం. సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 రకాల్లో కొన్నిటి గాజులో థోరియం కలిపారు. రేడియో ధార్మికత వల్ల ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గాజు పచ్చబడి, ఫొటోలన్నీ సాయంకాలం తీసినట్టు వస్తాయి. కొందరు ఎండలో పెట్టి ఆ పసుపు పోగొడతారు. మేము పోగొట్టం. థోరియం సగం తరగడానికి 1,400 కోట్ల సంవత్సరాలు పడుతుంది కాబట్టి వారసులకు ఇవ్వడానికి ఇంతకన్నా మన్నికైన ఆస్తి లేదు.

బూజు సంగతి వేరే. తడి గాలి తగిలిన లెన్సులో బూజు దారాలు అల్లుకుంటుంది, దాని ఆమ్లం పూతను తినేస్తుంది, గాజు మీద మచ్చ శాశ్వతంగా మిగిలిపోతుంది. దీన్ని మాత్రం అందమని వాదించే ధైర్యం మాకూ లేదు. అమ్మేవాళ్ళకు మాత్రం ఉంది.

ఈ లెన్సులన్నిటికీ తలమానికం జూపిటర్-3. యుద్ధం తర్వాత సోవియట్ యూనియన్ జర్మనీ నుంచి తరలించిన జైస్ సామగ్రితో, జైస్ వాళ్ళ సొనార్ లెన్సు నమూనా మీద చేసినది. ఇది లైకాకు చక్కగా ఎక్కుతుంది, ఫోకస్ కుదిరిందో లేదో చూపే రేంజ్‌ఫైండరులో రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి అందంగా కలుస్తాయి. కానీ దీని ఫోకస్ లెక్క జైస్ వాళ్ళ కాంటాక్స్ కెమెరా కొలతకు కట్టింది. అది లైకా కొలత కాదు. కాబట్టి దగ్గరి మనిషిని పూర్తిగా తెరిచిన లెన్సుతో తీస్తే, కంటి మీద కలిసిన ఫోకస్ ఫొటోలో కంటిమీద ఉండదు. రేంజ్‌ఫైండరు చూపించేదొకటి, సెన్సర్ పట్టేదొకటి. తెర ఉన్నవాడు ఈ మోసాన్ని రెండో ఫొటోకే పట్టేస్తాడు. మా సాధకుడు మాత్రం ఒక పెళ్ళి మొత్తం పూర్తి విశ్వాసంతో తీసి ఇంటికి వస్తాడు. అందుకే ఈ కెమెరా, ఈ లెన్సు ఒకదాని కోసం ఒకటి పుట్టాయంటాం. ఒకటి అబద్ధం చెబుతుంది, రెండోది దాన్ని రహస్యంగా దాస్తుంది.

హీలియోస్‌ను అడాప్టరుతో ఇదే కెమెరాకు తగిలిస్తే ఇంకా శుద్ధమైన స్థితి. రేంజ్‌ఫైండరుతో దానికి సంబంధమే ఉండదు, దూరం ఊహించి లెన్సు మీది అంకె తిప్పుకోవడమే. దూరం ఊహించి తీసేవాళ్ళకు పెద్దలు ఓ ఉపాయం చెప్పారు: 35 ఎంఎం లెన్సు కంతను ఎఫ్/8కు చిన్నది చేసి ఐదు మీటర్ల దగ్గర ఫోకస్ నిలిపితే, రెండున్నర మీటర్ల నుంచి ఆకాశం దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది. బంగారంలాంటి ఉపాయం. అయితే ఆ ‘స్పష్టం’ చిన్న ప్రింటును చేయి దూరంలో పెట్టి చూసే కాలంలో నిర్ణయించినది. ఆరు కోట్ల పిక్సెళ్ళను కంప్యూటరు మీద నూరు శాతం పెద్దది చేసి చూసేవాడికి ఆకాశం కాదు గదా, ఐదో మీటరు తప్ప ఏదీ నిలవదు.

ఇలాంటి ఫొటోలు పట్టుకుని సాధకుడెవరైనా మీ దగ్గరికి రావచ్చు. అప్పుడు ఎలా మెలగాలో కూడా చెప్పడం మా బాధ్యత. వధువు మసకగా, ఆమె వెనక మూడో వరసలో ఆవులిస్తున్న పెద్దమనిషి కత్తిలా స్పష్టంగా కనిపిస్తే కంగారు పడకండి. “ఇదేంటి, ఆయన్నెందుకు తీశావు?” అనకండి. “ఫోనుతో తీసుంటే సరిపోయేది కదా” అని మాత్రం కలలో కూడా అనకండి, అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయేది అక్కడే. ఫొటోను కాస్త దూరంగా పెట్టి, తల ఓ పక్కకు వంచి, “లెన్స్ ఏది?” అనండి. చాలు. అతను కర్మాగారం పేరుతో మొదలుపెట్టి, గాజుల లెక్క మీదుగా సీరియల్ నంబరు దాకా వస్తాడు. అడిగే ముందు కూర్చోవడానికి కుర్చీ ఒకటి చూసుకోండి.