క్రీమ్ ఒకటుందని ఒక్క ముక్క చెప్పరేం?

మా బాబాయి కొడుకు ఇప్పుడే ఫోన్ పెట్టేశాడు. నాకింకా ఒళ్లు మండిపోతోంది. వచ్చే నెల వాడి పెళ్లి. ముందుచర్మం బిగుసుకుపోయి వెనక్కి రాదని కాలేజీ రోజుల నుంచే తెలుసట, సిగ్గుతో నోరు విప్పలేదు. ఇన్నాళ్లకు ధైర్యం చేసి ఓ ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, రెండు నిమిషాలు చూసి చేతిలో ఎస్టిమేట్ కాగితం పెట్టారు. లేజర్ సున్తీ, ప్యాకేజీ, ఈ రోజే అడ్వాన్స్ కడితే డిస్కౌంట్. షుగర్ ఉందా అని అడగలేదు. ఇంతకుముందు ఏ మందైనా వాడావా అని అడగలేదు. మనిషి ఒంటి మీద ఆపరేషన్‌కి డిస్కౌంట్ ఏంటండీ?

అన్నిటికంటే దారుణం ఇంకోటుంది. సున్తీ చేయించుకున్నాక నాలుగు నుంచి ఆరు వారాలు కలయికకు దూరంగా ఉండాలి. పెళ్లి వచ్చే నెల అని వాడు చెప్పాడు కూడా. ‘అయితే తొందరగా చేయించుకో’ అన్నారట! వాడి భయాన్ని సొమ్ము చేసుకున్నారు, అంతే.

ముందుచర్మం ఇలా బిగుసుకుపోవడాన్ని ఫైమోసిస్ అంటారు. చర్మం మచ్చకట్టి గట్టిపడకపోతే మొదట ఇవ్వాల్సింది స్టెరాయిడ్ క్రీమ్. బీటామెథసోన్ లాంటిది డాక్టర్ రాసిస్తారు. బిగుసుకున్న అంచు మీద పల్చగా రాసి, నొప్పి రానంత వరకే మెల్లగా వెనక్కి జరుపుతూ ఉండాలి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి. చాలామందికి దీంతోనే వదులవుతుంది. బలవంతంగా లాగితే మాత్రం చర్మం చిట్లి, మానేటప్పుడు మచ్చకట్టి ఇంకా బిగుస్తుంది. అలాగని మెడికల్ షాపుకెళ్లి నోటికొచ్చిన ట్యూబు అడిగి తెచ్చుకోకండి. తామరకీ అదే, మొహం తెల్లబడ్డానికీ అదే స్టెరాయిడ్ పూసుకుని చర్మం పాడుచేసుకున్నవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు. చీటీ లేకుండా అవి అమ్మే షాపుల వాళ్లను ఏమనాలి అసలు!

నేను ఆపరేషన్‌కి వ్యతిరేకం కాదు. చర్మం తెల్లగా పాలిపోయి, గట్టిపడి, పగుళ్లు వస్తుంటే అది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు. అప్పుడు చాలాసార్లు సున్తీయే సరైన దారి. బిగుతు ఒక్కచోటే ఉంటే చర్మం మొత్తం తీయకుండా అక్కడ కోసి, వెడల్పు చేసి కుట్టే పద్ధతీ ఉంది, ప్రెప్యూషియోప్లాస్టీ అని. ఏది ఎందుకో కూర్చోబెట్టి చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలే వీళ్ల దగ్గర ఉండవు.

ఇక షుగర్ సంగతి. నడివయసు దాటాక కొత్తగా బిగుసుకుందంటే మొదట చూడాల్సింది షుగరే. మూత్రంలో చక్కెర పోతుంటే అక్కడ ఫంగస్ చేరి, మంట, దురద, చిన్న చిన్న పగుళ్లు, ఆ తర్వాత బిగుతు. పేటెంట్ ముగిసి చవకైన డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర ఇప్పుడు ఊరూరా వాడుతున్నారు. మంచి మందే, కాదనను. కానీ అది పనిచేసేదే చక్కెరను మూత్రంలోకి పంపి. అక్కడ శుభ్రంగా ఉంచుకోవాలి, దురద మొదలైతే వెంటనే చెప్పాలి అని రాసిచ్చేటప్పుడు ఎంతమంది డాక్టర్లు చెబుతున్నారు? పాపం, ఆ పెద్దవాళ్లు పంచె తగిలితేనే మంటెక్కుతున్నా కోడలి ముందు ఏం చెప్పుకుంటారు?

అసలు నా కోపం ఆసుపత్రి మీద మాత్రమే కాదు. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని పేజీలు తిప్పేసిన మాస్టార్ల మీద. ఆడపిల్లల్ని బయటికి పంపి, మగపిల్లల్ని గద్దించి, ముఖ్యమైన ప్రశ్నలు టిక్కు పెట్టించి వదిలేశారు. ఇంట్లో నాన్న చెప్పడు. మిగిలింది బస్టాండ్ గోడల మీద ‘రహస్య వ్యాధులకు గ్యారంటీ వైద్యం’ రాతలు. అలాంటి ప్రకటనలను అడ్డుకోవడానికి 1954లోనే చట్టం వచ్చింది. గోడలు మాత్రం ఖాళీగా లేవు.

ఇది చదువుతూ మౌనంగా బాధపడుతున్న తమ్ముళ్లకు చెబుతున్నా. ఉస్మానియాలో, గాంధీలో, విశాఖ కేజీహెచ్‌లో యూరాలజీ విభాగాలున్నాయి, వెళ్లండి. వెనక్కి వెళ్లిన చర్మం మళ్లీ ముందుకు రాకుండా ఇరుక్కుపోయి వాపొస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి పరుగెత్తండి. ఎవరైనా మొదటి రోజే అడ్వాన్స్ అడిగితే ఆ కాగితం అక్కడే పెట్టేసి లేచి వచ్చేయండి.