అందరికీ సమానంగా ఒక్కరే

మా పక్కింటి కుర్రాడు ఇంటర్ ఫస్టియర్. "ఇవాళ కాలేజీలో కౌన్సెలింగ్ ఉంది" అన్నాడో లేదో, వాళ్ల నాయనమ్మ "సీటు ఎక్కడొచ్చిందిరా?" అంది. ఆవిడ తప్పేం లేదు. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ర్యాంకు కార్డు, వెబ్ ఆప్షన్లు, ఫలానా తేదీలోగా ఫీజు. పిల్లాడి మనసులో ఏముందో అడగడానికీ అదే పేరు పెట్టారు. కాలేజీలకు బాగా కలిసొచ్చింది.

విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతున్న కౌన్సెలర్ కనీసం ఒక్కరైనా ఉండాలంది. మావాడి కాలేజీలో రెండు వేల పైచిలుకు పిల్లలు, ఒక కౌన్సెలర్. రెండు వేలు వంద కంటే ఎక్కువే కదా, నిబంధన నెరవేరింది! విద్యార్థులకు, కౌన్సెలర్లకు మధ్య సరైన నిష్పత్తి ఉండాలని కూడా కోర్టు రాసింది కానీ అంకె వేయలేదు. అంకె వేయని చోట మనవాళ్లు ఏం వేస్తారో తెలిసిందే.

మార్కులను బట్టి బ్యాచ్‌లు వీలైనంతవరకు విడదీయొద్దని కూడా కోర్టు చెప్పింది. వెంటనే ఏ, బీ, సీ సెక్షన్లు ఎత్తేశారు. ఇప్పుడు గంగ, గోదావరి, మూసీ. వీక్లీ టెస్టులో మార్కులు తగ్గితే గంగలోంచి తీసి మూసీలో వేస్తారు. నదుల అనుసంధానం ఇంత తక్కువ ఖర్చులో అవుతుందని ప్రభుత్వాలకు తట్టలేదు.

సమన్యాయం అంటే అందరికీ ఒకేలా పంచడం కాదు, ఎవరికి ఏది అవసరమో అది ఇవ్వడం. కాలేజీ ఆ సూత్రం కూడా వదల్లేదు. గంగవాళ్లకు ఒత్తిడి ఎక్కువని ప్రతి శనివారం ఏసీ హాల్లో ధ్యానం, బాదం పాలు. మూసీవాళ్లతో అకౌంటెంట్ గారే స్వయంగా మనసు విప్పి మాట్లాడతారు, రెండో టర్మ్ ఫీజు గురించి.

ఇక కౌన్సెలింగ్ గది. మెట్ల కింద, పాత ఓఎంఆర్ జవాబు పత్రాల కట్టల మధ్య రెండు ప్లాస్టిక్ కుర్చీలు. కాలు విరిగిన కుర్చీ పిల్లాడికి. తలుపు తెరిచే ఉంచాలి, ఫ్లోర్ ఇన్‌చార్జికి వినపడాలి కదా. కౌన్సెలర్ సైకాలజీ చదివిన మనిషే, మంచివాడే. పాపం, స్టడీ అవర్ డ్యూటీ, హాజరు మెసేజ్‌లు, సెలవు పెట్టిన లెక్చరర్ల క్లాసులూ ఆయనవే.

మావాడికి నాలుగు నిమిషాలు దొరికాయి. "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు సార్" అన్నాడట. ఆయన తలూపి రాసుకుంటుంటే బెల్లు కొట్టారు. సంతకం పెట్టేటప్పుడు రిజిస్టర్లోకి తొంగి చూశాడు. వాడి పేరుకు ఎదురుగా ఉంది: "నిద్ర తక్కువ. చదువుకు సమయం ఎక్కువ. సంతృప్తికరం."