పెంటియమ్: పులసా, విలసా?

గోదావరి జిల్లాల వాళ్ళకి తీర్పు చెప్పడం ఎవరూ నేర్పనక్కర్లేదు. అంబాజీపేటలో కొబ్బరి కొట్టు నడిపే మా బావగారు కురిడీ కొబ్బరి చేతిలోకి తీసుకోగానే అది గండేరా రకమో గటగట రకమో చెప్పేస్తారు. పులస పులుసు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, ఇది వరద నీటికి ఎదురీదిన చేపో, ఒడిశా నుంచి ఐసు పెట్టెలో పడుకుని వచ్చిన చేపో తేల్చేస్తారు. అంతటి మనిషి, ఎనిమిదేళ్ళుగా తన కొట్టు లెక్కలన్నీ మోస్తూ ఇప్పుడు నత్తనడక నడుస్తున్న కంప్యూటర్ గురించి ఇచ్చిన తీర్పు ఇది: "డ్యూయల్ కోరంట బావా. అంటే సగం ప్రాణంతో ఉన్నట్టేగా."

ఆ తీర్పు మీద అప్పీలు ఈ వ్యాసం.

ముద్దాయి ఆ కంప్యూటర్‌కి మెదడులాంటి ప్రాసెసర్ చిప్పు, పేరు ఇంటెల్ వారి పెంటియమ్ జి4560. పుట్టింది 2017 జనవరిలో. కోర్లు, అంటే లెక్కలు చేసే చేతులు 2; థ్రెడ్లు, అంటే ఒకేసారి పట్టుకోగల పనులు 4; వేగం 3.5 గిగాహెర్ట్జ్. కంపెనీ లెక్క ప్రకారం 54 వాట్లు, అంటే మన నెత్తిన తిరిగే మామూలు సీలింగ్ ఫ్యానుకి కావలసినంత కూడా కాదు. అప్పట్లో ధర 64 డాలర్లు. అదే తరంలో దీని అన్నగారు ఐ3-7100 ధర అప్పుడు 117 డాలర్లు. ఆయనకీ కోర్లు 2, థ్రెడ్లు 4, చిప్పులోనే చేతికందేలా ఉండే క్యాష్ మెమరీ కూడా అదే 3 ఎంబీ. వేగం 3.9 గిగాహెర్ట్జ్, పైగా ఏవీఎక్స్ అని కొన్ని పెద్ద లెక్కల్ని గబగబా తేల్చే సదుపాయం ఒకటి ఉంది. కొబ్బరికాయలు లెక్కపెట్టడానికి దాంతో పనిలేదు.

ఈ వ్యవహారం డెల్టా వాళ్ళకి కొత్తగా విప్పి చెప్పాలా? సముద్రంలో ఉన్నంతసేపూ అది విలస. గోదావరిలోకి ఎదురీది వచ్చాక పులస. చేప అదే, పేరు మారేసరికి పుస్తెలమ్ముకునే ధర. అయితే పులస పాపం ఈదింది, ఆ ఎర్రనీళ్ళలో దాని రుచే మారింది. ఐ3 గారు ఏ ఏరు ఈదారని ఆ 53 డాలర్లు ఎక్కువ అడిగారో నాకు అర్థం కాలేదు. చాలామందికి అర్థం కాకే జి4560ని ఎగబడి కొన్నారు.

రెండు కోర్లకి నాలుగు థ్రెడ్లేమిటని బావగారి అనుమానం. న్యాయమైనదే. ధవళేశ్వరం దాటాక గోదావరి ముందు చీలేది గౌతమి, వసిష్ఠ అని రెండుగానే. పురాణం లెక్కలో మాత్రం ఏడు. 2002లో ఇంటెల్ వారు హైపర్ థ్రెడింగ్ అని పేరుపెట్టి అమ్మారుగానీ, రెండింటిని అంతకు మించి లెక్కగట్టే విద్య మన సప్త గోదావరుల్లో ఎప్పటినుంచో ఉంది. పేటెంట్ తీసుకోకపోవడం ఋషుల పొరపాటు. పరిహాసానికి అనడం లేదు, ఆ సదుపాయం పనికొచ్చేదే. ఒక కోరు ఓ పని మీద డేటా కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చునే క్షణంలో రెండో పని అందుకుంటుంది. 2014లో వచ్చిన పెంటియమ్ జి3258కి ఇది లేదు. కుర్రాళ్ళు దాన్ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి పరిగెత్తించి, 4 గిగాహెర్ట్జ్ దాటించి మీసం తిప్పారు. ఆ ఏడాది వచ్చిన ఆటల్లో కొన్ని, నాలుగు థ్రెడ్లు లేవని వాళ్ళకి తలుపే తీయలేదు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్న మా మేనల్లుడు ఫోన్లోనే తీర్పు ఖరారు చేశాడు. "మావయ్యా, అది చెత్త. ఐ7 కొనమనండి." ఐ7 అంటే ఐ3 గారికీ పెద్దన్న. పెట్టె విప్పి చూడాలన్న ఆలోచన వాడికి రాలేదు. విప్పింది నేను. ప్రాసెసర్ మీది ఫ్యాను కనిపించలేదు, దాని స్థానంలో పీచు ముద్ద ఒకటి ఉంది. ఎనిమిదేళ్ళ ఒలుపు ధూళంతా పేరుకుని, పిచ్చుక చూస్తే కాపురం పెట్టేసేలా ఉంది. వేడి హద్దు దాటితే ప్రాణం కాపాడుకోవడానికి చిప్పు తన వేగం తానే తగ్గించుకుంటుంది. రోహిణి కార్తెలో ఒలుపు కూలీ నీడకి చేరితే బద్ధకమంటామా?

అసలు దొంగ ఇంకొకడు. డేటా దాచిపెట్టి ప్రాసెసర్‌కి అందించే, నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పాత హార్డ్ డిస్క్. ధవళేశ్వరంలో నీళ్ళు నిండుగా ఉన్నా, పంట కాలువకి గుర్రపుడెక్క పట్టి పూడిక పేరుకుంటే శివారు చేలకి చుక్క రాదు. కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన 1852 నుంచీ ఈ సంగతి ఇక్కడ పశువులు కాసే కుర్రాడికీ తెలుసు. శివారు రైతు ఎవరిని తిట్టినా ఆనకట్టని తిట్టడు. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరం ఆనకట్టనే తిడతాం.

పీచు దులిపాను. హార్డ్ డిస్క్ స్థానంలో తిరిగే చక్రం లేకుండా డేటా గబగబా అందించే ఎస్ఎస్‌డీ పెట్టాను, 4 జీబీ ర్యామ్ పక్కన ఇంకో 4 చేర్చాను. పూర్వం గుమస్తా బిల్లు బటన్ నొక్కి, బయటికెళ్ళి, టీ తాగి, లారీ డ్రైవరుతో రెండు ముక్కలు మాట్లాడి వచ్చేవాడు. ఆ రోజు నొక్కాడు, వెంటనే ప్రింటర్ కదిలింది. నమ్మక మళ్ళీ నొక్కాడు. రెండు బిల్లులొచ్చాయి. "ఏదో తేడాగా ఉందండి, ఆయ్" అన్నాడు అనుమానంగా. టీ పోయిన బాధ మొహంలో కనిపిస్తూనే ఉంది.

ముద్దాయి నిష్కళంకుడని నేను అనను. వీడియో ఎడిటింగ్ పెడితే చేతులెత్తేస్తాడు. యాంటీవైరస్, అప్‌డేట్ ఒకేసారి మీద పడితే బ్యాంకు సైటు నోరు తెరుచుకుని ఉండిపోతుంది. ఇంకో అన్యాయం కూడా ఉంది. మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగి 62 ఏళ్ళ దాకా కుర్చీలో ఉంటాడు. ఈ చిప్పుకి అయిదేళ్ళు నిండకముందే, 2021లో వచ్చిన విండోస్ 11 ఒప్పుకునే చిప్పుల జాబితాలో పేరు లేదన్నారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టూ ఆగింది. దానికి నేను విండోస్ బదులు వాడుకునే లైనక్స్ పెడదామన్నాను. బావగారు అదేదో మందు పేరనుకున్నారు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది.

ఈలోగా ఆయనకి కొత్త టెన్షన్ పట్టుకుంది. "ఇంత స్పీడు పెంటియమ్‌ది అంటే బేరానికొచ్చినోడు నమ్మడు బావా. పరువు సమస్య." అటక మీద మేనల్లుడి చదువుల నాటి చచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. దాని మీది నీలం స్టిక్కర్‌ని గోటితో జాగ్రత్తగా ఊడదీసి, కొట్లో పెట్టె మీద అంటించారు. అంచు కొంచెం చిరిగింది.

సంక్రాంతికి మేనల్లుడొచ్చాడు. ప్రభల తీర్థానికి వెళ్తూ కొట్లో ఆగి, ఏదో టికెట్ కోసం ఆ కంప్యూటర్ ముందు కూర్చుని, రెండు నిమిషాల్లో లేచాడు. స్టిక్కర్ చూసి తల పంకించాడు.

"అదీ నాన్నా! ఐ7 అంటే ఐ7నే. ముందే చెబితే విన్నావా?"

బావగారు నా వైపు చూడకుండా చిట్టా పుస్తకంలో పేజీ తిప్పారు.