మాల తీసిన మరునాడు

కార్తీకం వచ్చిందంటే దేవరకొండ నుంచి నారాయణపేట దాకా నల్లబట్టల అయ్యప్ప స్వాములే. మొన్నటిదాకా బెల్టు షాపు దగ్గర క్వార్టర్లు పంచుకున్న పోరగాళ్లు తెల్లారకముందే చన్నీళ్ల స్నానం చేస్తారు, చాప మీద పడుకుంటారు, 41 రోజులు మందు ముట్టరు. ఇదంతా వేషమని తీసిపారేసేవాళ్ల మాట నేను ఒప్పుకోను. పిల్లలు నిజంగానే మానేస్తున్నారు.

వాళ్లను ఆపుతున్నది భయం ఒక్కటే కాదు. మాల పడగానే కన్నతల్లి కూడా 'స్వామీ' అని పిలుస్తుంది. నిన్నటిదాకా కసురుకున్న పెద్దమనిషి కాళ్లకు మొక్కుతాడు. పొద్దు గూకితే సన్నిధానంలో భజన, ఎవరింట్లోనో పడిపూజ. రాకపోతే గురుస్వామి ఫోన్ చేసి ఎక్కడున్నావని అడుగుతాడు. సరిగ్గా తాగే వేళకు తాగనివాళ్ల మధ్య వాడికి చోటుంది. శబరిమల పోయొచ్చి మాల తీశాక ఆ పిలుపూ ఉండదు, ఆ ఫోనూ రాదు. దోస్తులు మాత్రం దావత్‌కు రమ్మంటారు.

ఎల్లమ్మకు, మైసమ్మకు కల్లు సాక పోయడం మన ఆచారం. దానిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పండుగ పేరు చెప్పి పదిహేడేళ్ల పిల్లవాడి చేతికి బీరు సీసా అందించే మేనమామల మీదే నా కోపం. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మడమే నేరం.

పాలమూరు వైపు ఇంకో ప్రమాదముంది. డైజీపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, పొంతన లేని మాటలు వస్తాయి, ఫిట్లు కూడా రావచ్చు. 2015లో ఎక్సైజ్ దాడులు జరిగి ఆ కల్లు దొరకనప్పుడు జనం ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. రోజూ తప్పతాగేవాళ్లకూ ఇదే ముప్పు. దీన్ని దేవుడి ఆగ్రహమనో, దీక్షలో దోషమనో అనుకుని ఇంట్లో కూర్చోబెడితే ప్రాణం పోవచ్చు. మాల వేసేముందు గురుస్వామి, బాప్తిస్మం ఇచ్చేముందు పాస్టరు 'రోజూ ఎంత తాగుతావు బిడ్డా?' అని అడగాలి, ముందు డాక్టరు దగ్గరికి పంపాలి. దారి తెలియనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

ఊరి గుడికి గోపురమంటే విదేశాల్లో ఉన్న మన సంఘాల్లో విరాళాలకు కొదవ లేదు. అందులో కొంత ఆ గుడి పక్కనే లైట్లున్న వాలీబాల్ కోర్టుకు ఇద్దాం. మాల తీశాక కూడా శనివారం సాయంత్రాలు స్వాములంతా కలిసే ఏర్పాటుకు, డాక్టరు దగ్గరికి పోయే బస్సు చార్జీలకు ఇద్దాం. అంతకన్నా ముందు, ఈ డిసెంబరులో ఊరికి పోయేటప్పుడు విమానాశ్రయంలో తమ్ముళ్ల కోసం సీసాలు కొనడం మానేద్దాం. మకరజ్యోతి చూసి పిల్లలు తిరిగొచ్చే వేళకు మనలో చాలామందిమి ఇంకా ఊళ్లోనే ఉంటాం. ఆ వారంలో వాళ్లను భోజనానికి పిలవండి, సాయంత్రం పూటే పిలవండి.