సవరణ: మిథైల్ ఆరెంజ్ పసుపైతే క్షారమని కాదు
టెక్కలిలో పదో తరగతి పిల్లలతో చేసిన లవణాల ప్రయోగం గురించి పోయిన వారం రాసినదాంట్లో పెద్ద తప్పు దొర్లింది. అమ్మోనియం క్లోరైడ్, అంటే కళాయి పోసేవాళ్లు వాడే నవసాగరం, దాని ద్రావణంలో మిథైల్ ఆరెంజ్ (ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పే సూచిక) పసుపు రంగు చూపింది కాబట్టి అది క్షారమని రాశాను. కాదు, అది ఆమ్ల ద్రావణమే. నోట్సులో ఎక్కించుకున్న పిల్లలు దయచేసి దిద్దుకోండి.

పీహెచ్ అనే కొలతలో 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. మిథైల్ ఆరెంజ్ పీహెచ్ 3.1 లోపు ఎరుపు, 4.4 దాటితే పసుపు. ఆ తర్వాత 5 అయినా, 11 అయినా అదే పసుపు. పై హద్దు తెలియాలంటే ఇంకో సూచిక కావాలి. అదే ద్రావణాన్ని వేరే పరీక్ష నాళికలో తీసుకుని బ్రోమోథైమాల్ బ్లూ వేశాం. అదీ పసుపే. కానీ ఈ పసుపుకి అర్థం వేరు: పీహెచ్ 6 లోపు ఉందని. రెండూ కలిపి చూస్తే 4.4కీ 6కీ మధ్య. 0.1 మోలార్ ద్రావణానికి లెక్క కడితే సుమారు 5.1 వస్తుంది. అమ్మోనియం అయాన్ నీటికి ప్రోటాన్ ఇవ్వడమే కారణం.

సోడియం క్లోరైడ్, అంటే మామూలు ఉప్పు, దాని ద్రావణం తటస్థమని రాసింది సరైనదే. నౌపడ ఉప్పుతో చేసి చూడాలనుకునేవాళ్లు మాత్రం నీళ్లు మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగితే స్వేదన జలం కూడా 5.6 దాకా దిగిపోతుంది.